మూడో హెచ్చరిక దాకా ఆగవద్దు

(తాతయ్య ఉత్తరాల సంచి)

చిన్నారి పాఠకులారా!

ప్రతి నెలా మీ ఉత్తరాలు నా సంచిలో పడుతూనే ఉంటాయి. చంద్రుడి మీద మచ్చ ఎందుకున్నదని ఒకరు అడుగుతారు. చీమలు వరసగా ఎలా నడుస్తాయని మరొకరు అడుగుతారు. అటువంటి వాటికి జవాబు రాయడం సులువు. పుస్తకం తీసి చూస్తే దొరుకుతుంది. అయితే ఒకసారి, మామిడిపళ్ల రోజులు ముగిసి తొలకరి పడబోతుండగా, ఒక ఉత్తరం వచ్చింది. దానికి జవాబు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈ నెల ఆ ఉత్తరం సంగతే మీకు చెబుతాను.

రాసినవాడు కోనసీమలో, పి. గన్నవరం దగ్గరి ఒక లంకగ్రామం పిల్లవాడు. తన పేరూ, ఊరి పేరూ వేయవద్దని కోరాడు. అందుచేత వేయడం లేదు. మిగిలినదంతా మీకు చెప్పడానికి అతనూ, అతని తల్లిదండ్రులూ అనుమతి ఇచ్చారు. ఇదీ ఆ ఉత్తరం:

"తాతయ్యగారికి నమస్కారాలు. నేను నాలుగో తరగతి చదువుతున్నాను. 2022 జులైలో మా లంకలోకి గోదావరి వచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్లు. రాత్రిపూట నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని పడవ దాకా నడిచారు. నీళ్లు నాన్న గుండెల దాకా ఉన్నాయి. తరవాత మేము పన్నెండు రోజులు ఏటిగట్టు మీద ఉన్నాం. ఇప్పుడు మా ఇల్లు బాగానే ఉంది. కాని వాన మొదలైతే నాకు కడుపునొప్పి వస్తుంది. బళ్లో కూర్చుంటే, నేను ఇంటికి వెళ్లేసరికి అమ్మ ఉండదేమో, నీళ్లు తీసుకుపోతాయేమో అనిపిస్తుంది. పోయిన ఏడు వానల్లో చాలా రోజులు బడి మానేశాను. డాక్టరుగారు కడుపు నొక్కి చూసి ఏమీ లేదన్నారు. మామ్మ తాయెత్తు కట్టించింది. నాన్న, 'మగపిల్లాడివి, భయమేమిట్రా?' అంటారు. బళ్లో పిల్లలు నన్ను పిరికిగొడ్డు అని పిలుస్తారు. తాతయ్యా, నేను నిజంగా పిరికివాడినా? లేకపోతే నాకు పిచ్చి పడుతోందా? ఈ సంగతి మా అమ్మకు చెప్పకండి."

ఈ ఉత్తరం చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. అన్నిటికన్న ఆ చివరి మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. తొమ్మిదేళ్లవాడు మూడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాడు. ఆ బరువు అమ్మకు తెలియకూడదని కూడా పాటుపడుతున్నాడు!

పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే వానలు వచ్చేస్తాయి. అందుకని నేను వెంటనే టపాలో జవాబు వేశాను. అందులో రాసినది ఇది:

"చిరంజీవికి తాతయ్య ఆశీస్సులు.

ముందు నీ రెండు ప్రశ్నలకూ జవాబు. నువ్వు పిరికివాడివి కావు. నీకు పిచ్చీ పట్టలేదు.

మన తలలో, మెదడు లోపలి భాగాన, బాదంపప్పు ఆకారంలో రెండు చిన్న ముద్దలు ఉన్నాయి. వాటిని అమిగ్డలా అంటారు. ప్రమాదం వస్తే గంట కొట్టడంలో వాటికి ముఖ్యమైన పాత్ర ఉన్నది. ఆ గంట మోగగానే, మూత్రపిండాల మీద టోపీలలాగా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ అనే రసం నెత్తురులోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి తొందరగా ఆడుతుంది. పరుగెత్తడానికీ, పోరాడడానికీ వీలుగా నెత్తురు కాళ్లకూ చేతులకూ ఎక్కువగా పోతుంది. ఆ సమయంలో అన్నం అరిగించుకునే పని అంత అవసరం కాదు గనక, కడుపుకు పోయే నెత్తురు తగ్గుతుంది. అప్పుడు కడుపులో మెలిపెడుతుంది, తిప్పుతుంది. చూశావా? నీ కడుపునొప్పి దొంగ నొప్పి కాదు. డాక్టరుగారు చెప్పినట్టు కడుపులో జబ్బు లేదు. నువ్వు చెప్పినట్టు నొప్పి ఉన్నది. రెండూ నిజమే.

ఆరేళ్ల వయసులో ఆ రాత్రి నీ లోపలి గంట మోగడం న్యాయమే. నిజంగా ప్రమాదం వచ్చింది. కాని ఆ గంటకు లెక్కలు రావు. ఆ వాన వేరు, ఈ వాన వేరు అని దానికి తెలియదు. రేకు మీద నాలుగు చినుకులు పడితే చాలు, అదే గోదావరి మళ్లీ వచ్చిందని మోగుతుంది. దానికి నెమ్మదిగా నేర్పాలి. నేర్పడానికి దారులున్నాయి, నేర్పేవాళ్లున్నారు.

నీకు తెలిసిన ఒక విషయం చెబుతాను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. దానికి 175 గేట్లు. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. 13.75కు రెండోది. 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక నాటికి మీ లంకవాళ్లు ఏం చేస్తారు? గొడ్లను గట్టెక్కిస్తారు, బియ్యం మూట కడతారు, పడవ ఎక్కడున్నదో చూసుకుంటారు. అలా చేసినవాళ్లను పిరికివాళ్లని ఎవరైనా అంటారా? తెలివైనవాళ్లంటారు. మూడో హెచ్చరిక దాకా అరుగు మీద కూర్చున్నవాణ్ణి చూసే ఊరు నవ్వుతుంది.

మనసుకు కూడా ఇలాంటి కొలబద్ద ఉన్నది. నిద్ర పట్టకపోవడం, ఊరికే కడుపు నొప్పెట్టడం, బడికి వెళ్లబుద్ధి కాకపోవడం, ఆట మీద ఇష్టం పోవడం, ఇవన్నీ దాని మీద అంకెలు. నీకు రెండో హెచ్చరిక ఎప్పుడో దాటింది. అయినా ఎవరికీ చెప్పలేదు.

ఇంకొక సంగతి. వరద వస్తే బ్యారేజీ గేట్లు మూసి గోదావరిని ఆపుదామని ఎవరూ చూడరు. గేట్లు పైకెత్తి నీళ్లను సముద్రానికి వదులుతారు. మనసులో నిండిన దానికి మాట ఒక గేటు, ఏడుపు ఒక గేటు. 'మగపిల్లాడివి' అంటూ వాటిని మూసేయడం మంచిది కాదు. మీ నాన్నగారు ఆ మాట కోపంతో అనలేదనుకుంటాను. నీ భయం చూసి ఆయనకు ఏం చేయాలో తోచి ఉండదు.

నీ ఉత్తరంలో చివరి మాట ఉన్నదే, ఆ సంగతి. మీ అమ్మకు నేను చెప్పను. కాని నువ్వే చెప్పాలి. నాకు ఉత్తరం రాసి మొదటి మెట్టు దిగావు. అమ్మకు చెప్పడం రెండో మెట్టు. నోట మాట రాకపోతే ఈ ఉత్తరం ఆమె చేతికి ఇచ్చి పక్కన కూర్చో. చదవడం అయ్యేదాకా అక్కడే ఉండు, పారిపోకు.

ఆపైన చేయవలసినది అమ్మకు చెబుతున్నాను. అమ్మా! 14416 అనే నంబరుకు ఫోను చేయండి. దాని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం దీన్ని ప్రారంభించింది. పగలైనా రాత్రైనా చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. మీకు దగ్గరలో ఎక్కడికి వెళ్లాలో వారే చెబుతారు. కాకినాడ పెద్దాసుపత్రిలో మనసుకు వైద్యం చేసే విభాగం ఉన్నది."

ఉత్తరం వేశాను. తొలకరి వచ్చింది, ఆషాఢం వచ్చింది. గోదావరి ఎర్రనీళ్లతో నిండింది. పిల్లవాడి దగ్గర నుంచి జవాబు లేదు. వార్తల్లో ధవళేశ్వరం అంకె విన్నప్పుడల్లా వాడు గుర్తుకొచ్చేవాడు. శ్రావణమాసం చివర ఒక లావుపాటి కవరు వచ్చింది. లోపల పన్నెండు పేజీలు, అక్కడక్కడ తల్లి చేతిరాత కూడా ఉన్నాయి. అందులో జరిగిన కథ ఇది.

వాడు నా ఉత్తరాన్ని నాలుగు రోజులు లెక్కల పుస్తకంలో దాచాడు. ఐదో రోజు రాత్రి వాన పడింది. అప్పుడు లేచి వెళ్లి, నిద్రపోతున్న అమ్మను లేపుదామనుకున్నాడు. చూస్తే ఆమె నిద్రపోవడం లేదు, మంచం మీద కూర్చుని ఉన్నది! వాడు ఉత్తరం చేతికిచ్చాడు. ఆమె ఫోను వెలుగులో చదివింది. చదివి, వాణ్ణి దగ్గరకు తీసుకుని ఇలా అన్నది:

"నాకూ భయమేరా. 1996 నవంబరులో మన కోనసీమ మీద తుపాను పడినప్పుడు నాకూ ఆరేళ్లే. రాత్రంతా కొబ్బరిచెట్లు విరిగిపడుతుంటే మీ అమ్మమ్మ నన్ను మంచం కింద దాచింది. ఇప్పటికీ గాలికి కొబ్బరాకు చప్పుడైతే లేచి కూర్చుంటాను. ఎవరితోనూ అనలేదు."

ఆ తుపాను 1996 నవంబరు 6న తీరం దాటింది. లక్షలాది కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి, ఎందరో ప్రాణాలు కోల్పోయారు. చెట్లు మళ్లీ నాటారు, ఇళ్లు మళ్లీ కట్టుకున్నారు. చీకట్లో మంచం కింద పడుకున్న ఆరేళ్ల పిల్లను మాత్రం, 'నీకెలా ఉన్నది?' అని ఎవరూ అడగలేదు. అప్పట్లో అలా అడగాలని చాలామందికి తోచలేదు.

తెల్లవారగానే తల్లి ఫోను చేసింది. అవతలివారు ఓపికగా విన్నారు. పిల్లవాడి నిద్ర, తిండి, బడి గురించి అడిగారు. ఆసుపత్రికి తీసుకువెళ్లడం మంచిదన్నారు. తండ్రి కొబ్బరి దింపు పని చేస్తాడు. ఆయన మొదట ఒప్పుకోలేదు. "ఊళ్లో తెలిస్తే పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారంటారు. రేపు వీడి బతుకేం కావాలి?" అన్నాడు. ఆ మాట చాలా ఇళ్లలో వినపడేదే. తల్లి, "కాలు విరిగితే ఊరేమంటుందని చూస్తామా?" అన్నది. (2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇటువంటి వైద్యం పొందడం అందరికీ హక్కు. రోగి వివరాలు బయటికి చెప్పకూడదని కూడా అందులో ఉన్నది.)

ఒక సోమవారం పొద్దున్నే తల్లీకొడుకులు బయల్దేరారు. అమలాపురం వెళ్లి కాకినాడ బస్సెక్కారు. యానాం వంతెన మీద బస్సు గౌతమిని దాటుతున్నప్పుడు పిల్లవాడు కళ్లు మూసుకుని అమ్మ కొంగు పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో సూదులు పొడుస్తారనీ, కరెంటు పెడతారనీ వాడికి బళ్లో ఎవరో చెప్పారట. అలాటిదేమీ జరగలేదు. అందరిలాగే చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నారు. మొదట ఒక డాక్టరుగారు మాట్లాడారు. మనసుకు సంబంధించిన జబ్బులకు మందులు ఇచ్చే వైద్యులు వీరు. వాడికి ఇప్పుడే మందు అవసరం లేదని చెప్పి, పక్కగదిలో ఉన్న ఒకామె దగ్గరికి పంపారు. ఆమె మనస్తత్వశాస్త్రం చదువుకున్నారు. మాటలతో, ఆటలతో, అభ్యాసాలతో నయం చేయడం ఆమె పని.

ఆ రోజు పిల్లవాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె వరద గురించి అడగనే లేదు. "ఇవాళ చెప్పకపోయినా ఫరవాలేదు. బొమ్మ వేస్తావా?" అని కాగితం, రంగులు ఇచ్చారు. వాడు ఇల్లు వేశాడు. కొబ్బరిచెట్లు వేశాడు. ఏరు వేశాడు. ఇంటి పక్క ఒక గుంజ వేసి, దానికి తాడు వేశాడు. తాడు చివర ఏమీ వేయలేదు.

ఆమె ఆ గుంజ వంక చూశారు గాని, ఏమీ అడగలేదు. ఊపిరి నెమ్మదిగా తీసుకుని, అంతకన్న నెమ్మదిగా వదలడం నేర్పారు. వదిలే ఊపిరి నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది, లోపలి గంట చప్పుడూ తగ్గుతుంది. వేడి పాలను ఊదినట్టు ఊదమన్నారు. రోజూ పడుకునే ముందు అమ్మా, వాడూ కలిసి ఊదాలి. అదే ఇంటిపని.

మూడోసారి వెళ్లినప్పుడు ఆమె ఆ బొమ్మ మళ్లీ తీసి, "ఈ గుంజకు ఎవరిని కడతారు?" అని అడిగారు.

అప్పుడు వాడు చెప్పాడు. నాకు రాసిన ఉత్తరంలో లేని సంగతి, అమ్మకు కూడా చెప్పని సంగతి అది. వాళ్లకు ఒక పెయ్యదూడ ఉండేది. ఆ రాత్రి హడావిడిలో మామ్మ, "ఒరే, దూడ తాడు విప్పు!" అని వాడితో అన్నది. వాడు నీళ్లు చూసి భయపడి మరిచిపోయాడు. తెల్లవారి గుంజా లేదు, దూడా లేదు. "నా వల్లే పోయింది. అందుకే గోదావరి మళ్లీ వచ్చి అమ్మను కూడా తీసుకుపోతుంది," అన్నాడు వాడు.

ఆమె తొందరపడి "అదేం కాదులే" అనలేదు. కొంతసేపు ఊరుకుని అడిగారు: "ఆ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమంది?"

"ముగ్గురండి."

"నీ వయసు?"

"ఆరండి."

"మీ బళ్లో ఇప్పుడు ఒకటో తరగతి పిల్లలు ఉంటారు కదా? వాళ్లలో ఒకణ్ణి తలచుకో. చీకట్లో, వరదలో, దూడను విప్పే పని వాడికి అప్పగిస్తావా?"

"అప్పగించనండి. వాడు చాలా చిన్నోడండి."

"వాడు మరిచిపోతే మూడేళ్లపాటు తిడతావా?"

అప్పుడు వాడికి ఏడుపు వచ్చింది. చాలాసేపు ఏడ్చాడు. ఆమె ఆపమనలేదు. తరవాత, "ఈ సంగతి అమ్మానాన్నలకు నువ్వు చెబుతావా? నేను పక్కన కూర్చుంటాను. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే వద్దు," అన్నారు. వాడు ఆలోచించి సరేనన్నాడు.

నాలుగోసారి తండ్రి కూడా వెళ్లాడు. కొడుకు చెప్పినదంతా తల వంచుకుని విన్నాడు. విని ఇలా అన్నాడు: "తాడు కట్టింది నేనండి. రెండు ముళ్లేశాను. వీడి చేతికి ఊడేది కాదు. పడవెక్కాక దూడ గుర్తొచ్చింది నాకు. వెనక్కి వెళ్లే దారి లేదు. ఆ రోజు నుంచి ఎవరితోనూ అనలేదండి."

చూశారా, పిల్లలూ! ఒకే ఇంట్లో తల్లికి ఒక భయం, తండ్రికి ఒక బాధ, కొడుకుకు ఒక నేరం. ముగ్గురూ ఒకే కంచంలో చేతులు పెట్టి తిన్నంత దగ్గరివాళ్లు. అయినా, పక్కవాళ్లు బాధపడతారని ముగ్గురూ దాచుకున్నారు. ఒక పిల్లవాడు నోరు తెరిస్తే ముగ్గురికీ దారి దొరికింది.

అయితే మాట్లాడుకోగానే భయం మాయమైపోలేదు. దాన్ని పోగొట్టడానికి వేరే అభ్యాసం కావలసి వచ్చింది. దాని వెనక ఒక చక్కని కథ ఉన్నది.

అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే శాస్త్రజ్ఞురాలు ఉండేది. ఆమె దగ్గరికి పీటర్ అనే ఇంచుమించు మూడేళ్ల పిల్లవాణ్ణి తెచ్చారు. వాడికి కుందేలంటే హడలు. ఆమె వాణ్ణి బెదిరించలేదు, కుందేలును వాడి ఒళ్లో పడవేయనూ లేదు. వాడు తనకు ఇష్టమైనవి తింటుండగా కుందేలును బోనులో పెట్టి దూరంగా ఉంచింది. మరొకనాడు కొంచెం దగ్గరగా. ఇంకొకనాడు మరికొంచెం దగ్గరగా. వాడు భయపడితే ఆగేది. కొన్నాళ్లకు పీటర్ ఆ కుందేలును చేత్తో నిమిరాడు, అది తన వేళ్లు కొరుకుతుంటే ఊరుకున్నాడు! 1924లో ఆమె ఈ సంగతి ప్రకటించింది. భయాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కోవడమనే ఈ పద్ధతి పెరిగి పెద్దదై, నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

మన లంక పిల్లవాడికి కూడా నోటుపుస్తకంలో ఏడు మెట్లు రాసిచ్చారు. మొదటి మెట్టు: అమ్మ పక్కన కూర్చుని ఫోనులో వాన చప్పుడు ఒక్క నిమిషం వినడం. రెండోది: నిజం వానలో అరుగు మీద కూర్చోవడం. మూడోది: నాన్నతో ఏటిగట్టు దాకా నడవడం. నాలుగోది: నాన్న చెయ్యి పట్టుకుని రేవులో పై మెట్టు మీద నిలబడడం. ఐదోది: నీళ్లు తక్కువగా ఉన్న రోజున పడవలో అవతలికి వెళ్లి రావడం. ఆరోది: వాన రోజున ఒక పూట బళ్లో ఉండడం. ఏడోది: రోజంతా ఉండడం. ఒక్కొక్క మెట్టు దగ్గర తన భయానికి పదికి ఎన్ని మార్కులో వేసుకోవాలి. అవి సగానికి తగ్గేదాకా ఆ మెట్టు మీదే ఉండాలి. తగ్గాకనే తరవాతి మెట్టు. నాలుగో మెట్టు దగ్గర వాడికి పది రోజులు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇంకొక మంచి పని కూడా చేశారు. లంకవాళ్లకు గోదావరి భయం ఉత్త భయం కాదు. వరద నిజంగా వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు టడుగు, అంటే సుమారు 28 లీటర్లు.) అందుకని, 'భయపడకు' అనడానికి బదులు ఆ భయానికి ఒక పని అప్పగించారు. మొదటి హెచ్చరిక నాడు ఎవరెవరు ఏం చేయాలో ముగ్గురూ కలిసి కాగితం మీద రాసి గోడకు అంటించారు. సంచి సర్దడం తల్లి వంతు. పశువుల సంగతి తండ్రి వంతు. తాతల నాటి రెండు ముళ్లు మానేసి, ఒక్క లాగుకు ఊడే ముడి వేయడం ఆయన మొదలుపెట్టాడు. బడి దగ్గర పిల్లవాణ్ణి ఎవరు తీసుకురావాలో మాస్టారితో మాట్లాడుకున్నారు. పిల్లవాడికి ఒకటే పని: అమ్మ చెయ్యి పట్టుకోవడం.

ఇక మీ అందరికీ నాలుగు మాటలు.

అందరికీ నాలుగైదు సార్లలోనే నయమవుతుందని నేను చెప్పడం లేదు. కొందరికి నెలలు పడుతుంది. కొందరికి మందులూ కావాలి. జ్వరానికి మందు వేసుకోవడంలో ఎంత సిగ్గున్నదో, ఇందులోనూ అంతే సిగ్గున్నది. అంటే ఏమీ లేదన్నమాట.

ఒకటి రెండు రోజులు దిగులుగా ఉండడం అందరికీ ఉండేదే. రెండు వారాలు దాటినా దిగులో, భయమో వదలక, నిద్రకూ తిండికీ చదువుకూ అడ్డం వస్తుంటే ఎవరికైనా చెప్పండి. అమ్మకు, నాన్నకు, మామ్మకు, మాస్టారుకు, ఎవరి దగ్గర మీకు చనువుంటే వారికి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇంతమాత్రం అనండి: "నాకు కొన్నాళ్లుగా బాగుండడం లేదు. కొంచెం వింటావా?" మొదట చెప్పినవారు సరిగ్గా వినకపోతే అక్కడితో ఊరుకోకండి. మరొకరికి చెప్పండి.

మీ స్నేహితుడెవరైనా వచ్చి ఇలా చెబితే నవ్వకండి. "ఓస్, ఇంతేనా!" అనకండి. మీరు వైద్యం చేయనక్కరలేదు. విని, "పెద్దవాళ్లకు చెబుదాం, నేనూ వస్తాను," అనండి. అదే గొప్ప సాయం.

ఒక్క విషయంలో మాత్రం ఏ రహస్యమూ పనికిరాదు. ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, తాకరాని చోట తాకుతున్నా, లేదా బతకాలని లేదన్న ఆలోచన మీకు గాని మీ స్నేహితులకు గాని వచ్చినా, ఆ రోజే, ఆ గంటలోనే నమ్మకమైన పెద్దవారికి చెప్పండి. అది మూడో హెచ్చరిక. 'ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను' అని ఆగవద్దు. ఆ ఒట్టు చెల్లదు. దగ్గర ఎవరూ లేకపోతే పిల్లల కోసం ఉన్న 1098కి గాని, 14416కు గాని ఫోను చేయండి.

మొన్న మన లంక పిల్లవాడి నుంచి ఒక కార్డు వచ్చింది. అందులో ఇంతే ఉన్నది:

"తాతయ్యా, నిన్న ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారు. నాకు కడుపులో కొంచెం నొప్పెట్టింది. అమ్మకు చెప్పాను. ఇద్దరం ఊదుకున్నాం. భయానికి పదికి నాలుగు మార్కులు వేశాను. బడికి వెళ్లాను. యానాం వంతెన మీద ఇప్పుడు కళ్లు తెరిచే ఉంటున్నాను. మాకు కొత్త పెయ్య పుట్టింది."

కార్డు వెనక దాని బొమ్మ వేశాడు. గుంజ, తాడు, తాడు చివర దూడ. ముడి ఎలా వేశారో తెలిసేటట్టు పక్కన వేరే పెద్దదిగా కూడా వేశాడు.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం. ఉత్తరాలు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య